మన వాగు, మన చేప, మన మాట

(మన సాంస్కృతిక సంఘం వార్షికోత్సవం సందర్భంగా అమరావతిలో జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తున్నాం. రోజూ మాట్లాడేది బియ్యం గురించి, కోడిగుడ్ల గురించి, హాజరుపట్టీ గురించి. నదుల గురించి, వాగుల గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగినప్పుడు, ఇది సైన్సు మాస్టార్లు చెప్పాల్సిన మాట కదా అనుకున్నాం. తరవాత మా హాస్టల్లో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చి, సరే, చెబుతామని ఒప్పుకున్నాం. ముందు ఆ సంగతే చెబుతాం.

కొన్నేళ్ళ కిందటి మాట. దసరా సెలవులైపోయి పిల్లలు తిరిగొచ్చాక మొదటి ఆదివారం. హాస్టల్లో మోటారు చెడిపోయి నీళ్ళు లేవు. పెద్ద క్లాసు పిల్లలు బట్టలు ఉతుక్కోడానికి దగ్గర్లో ఉన్న వాగుకి వెళ్ళారు. ముందురోజు రాత్రి గట్టి వాన పడింది. గంట తిరక్కుండానే నలుగురు అమ్మాయిలు బకెట్లతో పరుగెత్తుకుంటూ వచ్చారు. బకెట్ల నిండా చేపలు. "మేడమ్, గాలం లేదు, వల లేదు, చేత్తోనే తీసుకున్నాం, అన్నీ పైకి తేలి ఉన్నాయి" అని ఒకటే సంబరం. వారానికొకసారి కోడికూర తినే పిల్లలు మరి. వంటక్క అప్పటికే కత్తిపీట తీసింది.

మేము వద్దన్నాం. వాటంతటవి తేలిన చేప మంచిది కాదని మాత్రం తెలుసు. గొయ్యి తీయించి పూడ్చేయించాం. పిల్లలు ఏడ్చారు. ఆ రోజే ఒక ఆర్డరు కూడా వేశాం, ఇకమీదట ఎవరూ వాగు వైపు వెళ్ళకూడదని. పిల్లల్ని కాపాడామనే అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం మనవరాల్ని చూడ్డానికి ఒక యానాది అవ్వ వచ్చింది. జరిగింది విని, పూడ్చకుండా మిగిలిన రెండు చేపలుంటే చూపించమంది. చూసి ఒకే మాట అడిగింది, "మార్పులు కూడా తేలినయ్యా?" అని. అవును, తేలాయి. "అయితే ఇది మందమ్మా. నీళ్ళు మురిగితే పరకలు చస్తయ్, జెల్లలు చస్తయ్. మార్పు చావదు, కొరమీను చావదు. అవి పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతయ్. అవి కూడా చచ్చినయ్యంటే పైన ఎవరో మందు డ్రమ్ములు కడిగారు" అంది.

మేము టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళం. చేప మొప్పలతో గాలి పీలుస్తుందని చదివాం, పిల్లలకు చెప్పాం కూడా. మార్పు, కొరమీను, ఇంగిలాయి లాంటివి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి బయటి గాలి పీల్చుకోగలవని కూడా పుస్తకంలో ఉంది. కానీ ఆ ఒక్క తేడాతో వాగుకి ఏం జరిగిందో పసిగట్టొచ్చని ఏ పుస్తకమూ మాకు నేర్పలేదు. ల్యాబు లేదు, పరీక్ష లేదు, చదువు లేదు. రెండు చేపలు చూసి అవ్వ చెప్పేసింది. ఎవరు కడిగారో, ఏ మందో తేల్చి చెప్పినవాళ్ళు ఈనాటికీ లేరు. కానీ వాగు గట్టున పైకి నడిచి చూస్తే ఖాళీ మందు సీసాలు బోలెడు కనిపించాయి.

వెళ్ళేటప్పుడు అవ్వ ఇంకో మాట అంది. "పిల్లల్ని వాగుకి పోనియ్యనని అన్నావంట. పోకపోతే వాళ్ళకి ఏ చేప ఏందో ఎట్టా తెలుస్తదమ్మా?"

ఆ మాటకు మా దగ్గర సమాధానం లేదు. ఆ నలుగురు అమ్మాయిల్లో ముగ్గురు యానాదుల పిల్లలే. బకెట్లో ఉన్నవాటి పేర్లు ఒక్కరికీ తెలియవు. అన్నీ 'చేపలే'. తెలిసి ఉంటే, మార్పు తేలిందని చూడగానే భయపడేవాళ్ళు, బకెట్ నింపేవాళ్ళు కాదు. వాగుకి దూరంగా ఉంచి మేము కాపాడింది ఏమీ లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనం కూర్చున్న ఈ నేల గురించి ఒకసారి చూద్దాం. పక్కనే కృష్ణ. మహాబలేశ్వరంలో పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ ఒడ్డున ధాన్యకటకం ఉండేది, శాతవాహనుల కాలంలో మహాస్తూపం ఉండేది. ఆ రాతి పలకలు ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో కూడా ఉన్నాయి. వాటి మీద తామరపూలు, మకరాలు చెక్కి ఉంటాయి. రెండు వేల ఏళ్ళ కిందటి శిల్పికి కూడా ఈ నీళ్ళే కనిపించాయి.

కృష్ణ అందరికీ తెలుసు. దానికి నీళ్ళు తెచ్చే చిన్నవాటి పేర్లు ఎంతమందికి తెలుసు? కొండవీడు కొండల్లో పుట్టి నీరుకొండ మీదుగా వచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలిసేది కొండవీటి వాగు. దానిలో కలిసే పాలవాగు. మాచర్ల దగ్గర చంద్రవంక, అది 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటే ఎత్తిపోతల, అక్కడే మొసళ్ళ పెంపకం కేంద్రం ఉంది. పల్నాడులో నాగులేరు. అటు ప్రకాశం వైపు నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ. కంభం చెరువు దాని నీళ్ళతోనే నిండుతుంది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువు నాలుగైదు వందల ఏళ్ళుగా పనిచేస్తోంది. గుండ్లకమ్మ కృష్ణలో కలవదు, ఒంటరిగా నడిచి సముద్రానికి పోతుంది. పైన చెంచుల అడవి, మధ్యలో మిరప, పత్తి పొలాలు, కింద యానాదుల వలలు. ఒక్క ఏటి పొడుగునా మనవాళ్ళే ఉన్నారు.

భూమి మీద మంచినీటి నదులు, చెరువులు ఉన్న మేర ఒక్క శాతం కూడా లేదు. అయినా తెలిసిన చేప జాతుల్లో సగం ఆ నీళ్ళలోనే ఉన్నాయి. 2024లో వచ్చిన లివింగ్ ప్లానెట్ నివేదిక ప్రకారం, 1970 నుంచి 2020 వరకు యాభై ఏళ్ళలో లెక్కలోకి తీసుకున్న మంచినీటి జంతువుల గుంపులు సగటున 85 శాతం తగ్గాయి. అడవిలో గానీ సముద్రంలో గానీ అంత తరుగు లేదు. పులి గురించి అందరూ మాట్లాడతారు. జెల్ల గురించి మాట్లాడేది ఎవరు? తినేవాళ్ళం, పట్టేవాళ్ళం, మనమే మాట్లాడాలి.

మన వాగులకు ఏమైంది? నాలుగు సంగతులు చెబుతాం.

మొదటిది మందు. మనది పత్తి, మిరప దేశం. 1987లో తెల్లదోమ, కాయతొలుచు పురుగు పత్తిని తినేసినప్పుడు, గుంటూరు, ప్రకాశం రైతులు కొట్టిన మందు మళ్ళీ కొట్టారు. పురుగు చావలేదు, అప్పు తీరలేదు, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మందు మన మీద కూడా పడింది. కొట్టింది కూలికి పోయిన మనవాళ్ళే కదా. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. అది చేపకు మహా విషం. ఇప్పుడు వాడే సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు కూడా మనుషుల కంటే చేపలకు, నీటి పురుగులకు ఎన్నో రెట్లు ప్రమాదం. పొలంలో కొట్టినదంతా ఒక ఎత్తు, పని అయ్యాక స్ప్రేయరు ట్యాంకు వాగులో ముంచి కడగడం ఒక ఎత్తు. ఆ ట్యాంకు కడిగేది ఎవరు? చాలాసార్లు మన తమ్ముళ్ళే. సాయంత్రం అదే వాగులో మన అమ్మ వల వేస్తుంది.

రెండోది ఇసుక. వేసవిలో ఇసుక దిబ్బల మీద టిట్టిభాలు గుడ్లు పెడతాయి. తాబేళ్ళు ఒడ్డున గోతులు తీసి గుడ్లు పెట్టి కప్పేస్తాయి. ఇసుక వాన నీటిని పట్టి ఉంచి ఎండాకాలం మెల్లగా వదులుతుంది. చెలమ తవ్వితే నీళ్ళు ఊరేది అందుకే. మిషన్లతో తవ్విన చోట చెలమ ఉండదు, గొయ్యి ఉంటుంది. వరద వచ్చాక ఆ గొయ్యి ఎంత లోతో పైనుంచి తెలియదు. సెలవులకు ఇంటికి పంపేటప్పుడు మేము పిల్లలకు చెప్పే మొదటి జాగ్రత్త అదే. తాతల కాలంలో వాగులో ఎక్కడ మోకాటి లోతో, ఎక్కడ నిలువు లోతో పిల్లలకు తెలిసేది. ఇప్పుడు రాత్రికి రాత్రి మారిపోతోంది.

మూడోది దారి మూసుకుపోవడం. తొలకరికి చేపలు ఎదురెక్కుతాయి. నది నుంచి వాగులోకి, వాగు నుంచి పొలం కాలవలోకి, అక్కడి నుంచి పల్లపు నీళ్ళలోకి పోయి గుడ్లు పెడతాయి. మలుగు పాము అయితే తిరగేసి, పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది, దాని పిల్లలు ఏరు పట్టుకుని పైకి వస్తాయి. మంచినీటి పెద్ద రొయ్య పిల్లలకు కొంచెం ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. వీటన్నిటికీ దారి ఉండాలి. ఆనకట్టలు మనకు అన్నం పెట్టాయి, కాదనలేం. బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయింది, దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కానీ చేపకు మెట్లు కట్టాలని ఆలోచించినవాళ్ళు తక్కువ.

కొండవీటి వాగునే చూడండి. బ్యారేజీలో నీళ్ళు నిండుగా ఉంటే వాగు నీరు నదిలోకి పోలేక వెనక్కి తన్ని పొలాలు ముంచేది. అందుకని 2018లో 5,000 క్యూసెక్కులు ఎత్తిపోసే పంపులు పెట్టారు. ముంపు తప్పించడానికి అది అవసరమే. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, ఆ రోజులు మనం మరిచిపోలేదు. కానీ పంపు నీటిని ఎత్తుతుంది, చేపను ఎదురెక్కించదు. రాజధాని ప్లానులో ఈ వాగును వెడల్పు చేస్తారు, నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు దగ్గర రిజర్వాయర్లు కడతారు. ఒడ్డంతా రాయి, కాంక్రీటు పరిస్తే చూడ్డానికి బాగుంటుంది. జమ్ము లేని చోట బుడబుంగ గూడు కట్టదు. బొరియ లేని గట్టులో లకుముకి పిట్ట పిల్లలు చేయదు. కొంత ఒడ్డయినా మట్టిగా, చెట్టుగా వదలమని అడగాలి. అది అడగడానికి అక్కడ మనవాళ్ళు ఒకరైనా ఉండాలి.

నాలుగోది చెప్పడానికి కొంచెం కష్టంగానే ఉంది. నాలుగోది మనం.

ఈ హాల్లో బ్యాటరీ, ఇన్వర్టరు పెట్టి కరెంటు తీగతో చేపలు పట్టినవాళ్ళు ఉన్నారు. మడుగులో మందు పోసినవాళ్ళు ఉన్నారు. తల దించుకోవద్దు, తిట్టడానికి రాలేదు మేము. ఎందుకు చేస్తున్నారో తెలుసు. కూలి లేని రోజు, సాయంత్రానికి రెండు కిలోలు కావాలి. వల వేస్తే నాలుగు గంటలు, కరెంటు పెడితే పది నిమిషాలు. మా హాస్టల్లో ఒక అమ్మాయి అన్న ఆ తీగ పట్టుకునే పోయాడు. ఇరవై ఏళ్ళు నిండలేదు. తడిసిన కాళ్ళతో వాగులో నిలబడ్డాడు, ఒక్క క్షణం. ఆ అమ్మాయిని ఇంటికి తీసుకెళ్ళింది మేమే. దారి పొడుగునా ఆమె అడిగింది ఒకటే, "మేడమ్, అన్న ఈత బాగా కొడతాడు కదా, ఎట్టా పోతాడు?" అని.

కరెంటు పెద్దా చిన్నా చూడదు. గుడ్డుతో ఉన్నదాన్నీ, వేలెడంత పిల్లనీ, కప్పనీ, పామునీ, మనిషినీ ఒకేలా చూస్తుంది. మన మావుకి సందులు ఉంటాయి, చిన్న పిల్ల జారిపోతుంది. ఊత మోకాటి లోతులోనే పనిచేస్తుంది, నిలువు లోతు మడుగులో ఉన్నది బతుకుతుంది. గాలానికి ఒకటే పడుతుంది. మన పనిముట్లు పేదవాళ్ళ పనిముట్లని మనం సిగ్గుపడ్డాం. అవి వాగుని రేపటికి మిగిల్చేవి.

మందు పోసి, పేలుడు పెట్టి చేపలు చంపడం నేరమని 1897 నాటి చట్టమే చెప్పింది. అంతకు ముందు నుంచే మన పెద్దలకు వాళ్ళ చట్టాలున్నాయి. మా ఊరి వాగులో ఒక మడుగుని గంగమ్మ మడుగు అనేవాళ్ళు. వేసవిలో అందులో వల వేయకూడదు. వేస్తే గంగమ్మకి కోపం వస్తుందనేవాళ్ళు. చదువుకున్నాక మేము నవ్వాం. ఇంకా చదివాక అర్థమైంది. ఎండాకాలం వాగంతా ఎండినప్పుడు, వచ్చే ఏటి విత్తనం చేపలన్నీ దాక్కునేది ఆ మడుగులోనే. దాన్ని ఖాళీ చేస్తే తొలకరికి ఎదురెక్కడానికి ఏదీ ఉండదు. మేఘాలయలో గారో కొండల పల్లెలవాళ్ళు ఈ పద్ధతినే ఊరి తీర్మానాలుగా పెట్టుకుని, ఏటిలో కొన్ని మడుగుల్ని చేపలకు వదిలేస్తున్నారు.

కొరమీనుని చూడండి. తెలంగాణ వాళ్ళు దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. పిల్లలు పుట్టాక తల్లీతండ్రీ వాటి కింద కావలి ఉంటాయి. నీటి మీద ఎర్రగా, గుంపుగా తిరిగే పిల్లలు కనిపిస్తే కింద పెద్దది ఉందని మనవాళ్ళకు తెలుసు. అది తెలిసి ఆ సమయంలో పట్టనివాడు వేటగాడు. అది తెలిసి అప్పుడే గాలం వేసేవాడు వేలమంది పిల్లల్ని మిగతా చేపల నోట్లో వేస్తున్నాడు. తెలివి ఒకటే. దాన్ని ఎటు వాడతామన్నదే సంగతి.

తాబేళ్ళ గురించి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. మన ఇళ్ళలో తాబేలు కూర తిన్న జ్ఞాపకం పెద్దవాళ్ళందరికీ ఉంటుంది. ఆకలి తీర్చుకోవడానికి ఎప్పుడో ఒకటి తినడం వేరు, బస్తాల్లో కట్టి ఊరు దాటించే దళారికి అమ్మడం వేరు. కృష్ణ, గోదావరి లాంటి దక్షిణాది నదుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేని ఒక మెత్తటి డిప్ప తాబేలు ఉంది, లీత్ తాబేలు అంటారు. అది పూర్తిగా అంతరించే అంచున ఉందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. తాబేళ్ళు నీటిలో కుళ్ళిన కళేబరాల్ని తిని వాగుని శుభ్రం చేస్తాయి. ఇప్పుడు చట్టం ప్రకారం వాటిని పట్టినా, అమ్మినా జైలు. నీటికుక్కలకూ అంతే. నీటికుక్క కుటుంబంతో కనిపించిందంటే ఆ ఏరు ఇంకా బతికి ఉందని అర్థం. వలలు కొరుకుతుందని కొట్టకండి.

ఇక్కడ ఒక న్యాయమైన కోపం ఉంది, అది మాకూ ఉంది. తాబేలుతో దొరికిన మనవాడు ఆ రాత్రే స్టేషన్లో ఉంటాడు. ఇసుక లారీ మాత్రం హారన్ కొట్టుకుంటూ పోతుంది. మేము ఒకసారి అలా దొరికిన కుర్రాడి కోసం వెళ్ళాం. అక్కడి ఉద్యోగి ఒకాయన, "మీవాళ్ళ వల్లే కదమ్మా జంతువులు అయిపోయింది" అన్నారు. వాగు చచ్చిపోవడానికి కారణం ఊత పట్టుకున్నవాడేనట. 1871 నుంచి 1952 దాకా మన కులాల్లో కొన్నిటిని పుట్టుకతోనే నేరస్తులని రాసిన చట్టం ఉండేది. చట్టం పోయింది, చూపు ఇంకా పోలేదు. ఆ చూపుకి సమాధానం కోపం ఒక్కటే అయితే చాలదు. మన చేతులు శుభ్రంగా ఉండాలి, మన దగ్గర లెక్క ఉండాలి. అప్పుడు మనం అడిగేది ఎవరూ తీసేయలేరు.

అడగడానికి హక్కు కూడా ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో, అడవిలోని నీటివనరుల్లో చేపల మీద మన సమష్టి హక్కుని రాశారు. ఆ చట్టమే, హక్కు ఉన్నవాళ్ళకు నీటివనరుల్ని కాపాడే అధికారం ఉందని కూడా చెప్పింది. నల్లమల చెంచు తమ్ముళ్ళూ, ఇది మీరు గ్రామసభలో చదవాలి. మైదానంలో ఉన్న యానాదులకు, ఎరుకలకు, సుగాలీలకు ఆ చట్టం అందదు, మన వాగు అడవిలో లేదు కాబట్టి. 2011 లెక్కల్లో యానాదులే అయిదు లక్షలకు పైగా ఉన్నారు. ఎక్కువమంది బతికేది మైదానంలోని చెరువుల మీద, కాలవల మీద. చెరువు పాట ఇంకొకరు పాడుకుంటారు, వల లాగే కూలి మనది. ఈ విషయం మన సంఘం పెద్దలు ప్రభుత్వం ముందు పెట్టాలని ఈ వేదిక మీద నుంచే కోరుతున్నాం.

ఇది జరిగే పనేనా అని అనుమానం రావచ్చు. న్యూజిలాండ్‌లో మావోరీలు తమ వాంగనుయి నదిని తమ పూర్వీకురాలిలా చూస్తారు. వంద ఏళ్ళకు పైగా కొట్లాడారు. 2017లో ఆ దేశం చట్టం చేసి, ఆ నదికి మనిషికున్నట్టే హక్కులిచ్చింది. అమెరికాలో క్లామత్ నది మీద యూరోక్, కరూక్ తెగలవాళ్ళు ఉన్నారు. 2002లో ఆ నదిలో వేలకు వేల సాల్మన్ చేపలు చచ్చి తేలాయి. మా పిల్లలు బకెట్లు తెచ్చినట్టే అక్కడి పిల్లలు కూడా చూసి ఉంటారు. ఆ తరం పిల్లలు పెద్దయ్యారు. 2024 నాటికి నాలుగు డ్యాములు తీయించారు. డ్యాములు పోయిన కొద్ది రోజులకే చేపలు పాత దారిలో ఎదురెక్కాయి. వాళ్ళు మనకంటే గొప్పవాళ్ళేం కాదు. మరిచిపోలేదు, అంతే.

అంత దూరం ఎందుకు, గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులోని ముళ్ళతుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. పెద్ద అడవేం కాదు, ఒక ఊరి చెరువు. ఊరివాళ్ళు కొట్టలేదు, తరమలేదు, అటవీశాఖ తోడొచ్చింది. ఇవాళ ఎక్కడెక్కడి వాళ్ళో చూడ్డానికి వస్తున్నారు. ఆ పక్షులు పిల్లల కోసం తెచ్చే చేపలు మన చెరువుల్లోవి, వాగుల్లోవి. మన వాగు చస్తే ఆ గూళ్ళు కూడా ఖాళీ.

చివరిగా, మా హాస్టల్లో ఏం చేశామో చెప్పి ముగిస్తాం. అవ్వ మాట తరవాత ఆ ఆర్డరు తీసేశాం. దాని బదులు ఒక లావుపాటి నోటుబుక్కు కొన్నాం. దానికి పిల్లలు 'వాగు పుస్తకం' అని పేరు పెట్టారు. సెలవులకు ఇంటికి పోయిన ప్రతి పిల్లా అవ్వనో, తాతనో కూర్చోబెట్టి వాగులో ఉండేవాటి పేర్లు రాసుకురావాలి. ఎప్పుడు కనిపిస్తుంది, ఎక్కడ దాక్కుంటుంది, చివరిసారి ఎప్పుడు చూశారు, అని మూడు ప్రశ్నలు. సుగాలి పిల్లలు వాళ్ళ మాటలో, ఎరుకల పిల్లలు వాళ్ళ మాటలో రాస్తారు. వాలుగ, బొమ్మిడాయి, ఇంగిలాయి, గొరక, మోసు, పాపెర, ఆలిచిప్ప, నీరుకట్టె... పేజీల మీద పేజీలు నిండాయి. అందులో పిల్లలు కళ్ళతో చూసినవి సగం కూడా లేవు. 'చివరిసారి ఎప్పుడు చూశారు' అన్న చోట చాలా తాతలు 'పెళ్ళి కాకముందు' అని చెప్పారట. పిల్లలు అలాగే రాసుకొచ్చారు.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేవి నాలుగే.

ఒకటి, మీ ఊరి వాగుకి ఇలాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. చేతిలో ఫోను ఉంది, ఫొటో తీయండి, తేదీ వేయండి. రేపు ఎవరైనా 'ఇక్కడ ఏముందని కాపాడాలి' అంటే చూపించడానికి ఉంటుంది.

రెండు, కరెంటు తీగ, మందు మానేయండి. మీ జట్టులో ఒక్కడు మానేస్తే చాలదు, జట్టంతా కూర్చుని అనుకోండి. తొలకరి మొదటి వరదల్లో ఎదురెక్కే చేపకు దారి వదలండి. వేసవిలో ఒక్క మడుగు వదలండి. దానికి గంగమ్మ పేరే పెట్టండి, బాగుంటుంది.

మూడు, పొలం పనికి పోయినప్పుడు స్ప్రేయరు ట్యాంకు వాగులో కడగకండి. గట్టుకి దూరంగా, మెట్టనేల మీద కడిగి, సీసాలు వాగులో వేయకుండా రైతుకే అప్పజెప్పండి. "అమ్మ ఇక్కడే చేపలు పడుతుందయ్యా" అని చెప్పండి. రైతూ మనిషే, అర్థం చేసుకుంటాడు. కొట్టే ముందు ముక్కుకి గుడ్డ కట్టుకోవడం కూడా మరవకండి.

నాలుగు, చదవండి. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. ఫారెస్టు బీట్ ఆఫీసరు ఉద్యోగాలున్నాయి, వాటిలో మన రిజర్వేషను ఉంది. చేప పేరు పుస్తకంలో చూసి నేర్చుకున్న ఆఫీసరు ఉంటాడు. మావు అల్లడం తెలిసిన ఆఫీసరు వస్తే ఆ కుర్చీ తీరే వేరు. స్టేషన్లో ఆ మాట అన్న ఉద్యోగి కుర్చీలో ఏదో ఒక రోజు మా హాస్టలు పిల్ల కూర్చోవాలని మా కోరిక.

ఆ రోజు బకెట్ తెచ్చిన నలుగురిలో ఒకమ్మాయి ఇప్పుడు డిగ్రీలో జువాలజీ చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, "మేడమ్, ఈసారి వానకి మన వాగులో మార్పులు కనిపించాయంట, అవ్వ చెప్పింది. పుస్తకంలో తేదీ వేయించండి" అంది. వేయించాం.

 సెలవు. జై ఆదివాసీ.